గుంత ముందు చెప్పిన గోత్రం

మీ ఇంటి పక్క ఖాళీ స్థలంలోకి ఈ పొద్దున ఒక యంత్రం వచ్చి, మనిషి మునిగేంత గుంత తవ్వి వెళ్లిపోయిందనుకోండి. ఆ గుంత ఎవరిదో మీరు చెప్పగలరా? అక్కడ లేవబోయే టవరు ఏ సిమ్ముకు పనికొస్తుందో అడగడం లేదు. మీ గోడ కూలితే ఎవరి తలుపు తట్టాలో అడుగుతున్నాను.

మా వీధి చెప్పలేకపోయింది. తాడేపల్లిగూడెంలో మా మేనత్త ఇల్లున్న వీధి అది. సామాన్యమైన వీధి కాదు. కొత్తగా ఎవరైనా అద్దెకు దిగితే, సామాన్ల వ్యాను ఖాళీ కాకముందే ఆయన కులమూ, ఉద్యోగమూ, జీతమూ, పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నదీ లేనిదీ రాబట్టగల సమర్థులు అక్కడ ఉన్నారు. ఇంత కుతూహలం గల వీధికి, తన నడిబొడ్డున సెల్ టవరు కోసం గుంత పడితే, "కట్టేది ఎవరండీ?" అని అడగడానికి మాత్రం మర్యాద అడ్డొచ్చింది. అడిగితే బాగుండదట. ఎవరికి బాగుండదో అది కూడా ఎవరూ చెప్పలేదు.

నేను ఏలూరులో డిగ్రీ చదివాను. అక్కడి డిబేటు జట్టులో మూడేళ్లు నిలబడి మాట్లాడాను. ఇప్పుడు గూడెంలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ అత్త దగ్గర ఉంటున్నాను. అత్త పెళ్లిళ్లకు సారె పిండివంటలు చేస్తుంది. అరిసెలు, మినపసున్ని, కాజాలు, జంతికలు. పెంటపాడు నుంచి వచ్చే పాకం బెల్లం వాసనతో ఆ ఇల్లు ఏడాది పొడుగునా తీయగా ఉంటుంది. ఆమె జీవనాధారమంతా వంటగదిలో పడమటి గోడకు ఆనించి కట్టిన ఇటుకల పొయ్యి. ఆ గోడకు అవతలే ఖాళీ స్థలం. రెండు పలుగులు దింపితే నీరూరే నల్లరేగడి నేల మాది. గుంత తవ్విన కాసేపటికే అందులో నీరు చేరింది, అంచులు విరిగి జారాయి, గోడ కింద మన్ను బోలుపడింది. కిటికీ మూల నుంచి నేల దాకా ఒక బీట పరుచుకుంది.

"నిన్న గోరు దూరిందే కోడలా, ఇవాళ వేలు దూరుతోంది" అంది అత్త, బీటలో చూపుడువేలు పెట్టి చూపిస్తూ. "రేపు చెయ్యి దూరితే అవతలోడికి ఇటు నుంచే జంతికలు అందిస్తా."

ఆమె నవ్వింది కాని, ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. శ్రావణం ముంగిట ఉన్నాం. సారెలకు ఒప్పుకుని ఉంది. బంగాళాఖాతంలో ఈ నెల వాయుగుండం తప్పదని టీవీ చెబుతోంది. వాన పడేలోగా ఆ గోడకు ఎవరో ఒకరు పూచీ పడాలి. ఎవరన్నదే తేలాలి.

వీధికి ఒక సంఘం ఉంది. దానికి ఒక పెద్దాయన ఉన్నారు. వ్యాపారం కొడుకులకు అప్పగించి, ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కాతో ప్రజాసేవకు దిగినవారు. టవరు సంగతి తెలియగానే ఆయనే ముందుగా ఉద్యమం ప్రకటించారు. ఆయన ఇంటి కారు షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, అందరికీ టీలు ఇప్పించి, గద్గదంగా మాట్లాడారు.

"ఏవండీ, మనం గొడవ మనుషులం కాదు కదండీ. శాంతంగా పోరాడదాం. కంపెనీ వాళ్లకి మన ఐకమత్యం చూపిద్దామండీ."

ఏ కంపెనీ అని ఎవరూ అడగలేదు. వీధిలో ఎక్కువమంది వాడే సిమ్ము ఏ కంపెనీదో ఆ కంపెనీయే అని అందరికీ స్వయంప్రకాశంగా తెలిసిపోయింది. పక్కనే కూర్చున్న రిటైర్డు లెక్కల మాస్టారు తరంగాల గురించి సుదీర్ఘంగా ప్రసంగించారు. టవరు ఉన్న చోట కొబ్బరిచెట్లు పిందె నిలపవని, పిచ్చుకలు దారి తప్పుతాయని, తన మోకాలినొప్పి కూడా రైల్వే గేటు దగ్గర టవరు లేచిన ఏడాదే మొదలైందని చెప్పారు. మోకాలికీ టవరుకూ నడుమ ఆయన వేసిన లెక్కను ఆయన విద్యార్థి ఎవరైనా పరీక్షలో వేసి ఉంటే సున్నా పెట్టేవారు.

చివరికి ఉద్యమ కార్యక్రమం తేలింది. నిరసనగా వీధి వీధంతా ఆ కంపెనీ సిమ్ము మానేసి వేరే కంపెనీకి మారాలి. మారారు కూడా. అయితే మా వీధిలో సిగ్నలు సరిగా అందదు. అందుచేత టవరు వద్దని బంధువులకు చెప్పుకోవడానికి సాయంత్రాలు అందరూ మేడలెక్కి, ఫోను ఆకాశానికి ఎత్తి, "హలో, వినపడుతోందా?" అని కేకలు వేసేవారు. ఇంత నిజాయితీగా తమ వాదనను తామే ఖండించుకున్న జట్టును నేను ఏ డిబేటులోనూ చూడలేదు.

అత్త గోడ సంగతి నేను ఎత్తితే పెద్దాయన ఎంతో ఆప్యాయంగా తల ఊపారు.

"చూద్దామమ్మా. ముందు పెద్ద సమస్య తేలనీ. గోడదేముంది?"

గోడ పెద్ద సమస్య కాదని ఆయనే తీర్మానించారు. వాదనలో ఒక విషయాన్ని చిన్నది చేయడానికి దాని పక్కన ఇంకొక దాన్ని పెద్దది చేసి నిలబెడతారు. ఆ ఎత్తుగడ నాకు తెలుసు, అయినా ఆ పూట ఆయన ఎందుకు వేస్తున్నారో తోచలేదు. మంచివారనుకున్నాను. టీ తాగాను.

ఊళ్లో కట్టడాల సంగతి చూసుకునే ఆఫీసు ఒకటి ఉందంటే వెళ్లాను. కిటికీ అవతల ఉన్నాయన నన్ను కళ్లద్దాల మీదుగా చూశారు.

"ఫిర్యాదు ఎవరి మీదండీ?"

"అదే తెలుసుకుందామని వచ్చానండీ. అక్కడ ఎవరు కడుతున్నారో చెబితే వాళ్ల మీద."

"ఎవరి మీదో తెలీకుండా ఫిర్యాదు ఎలా తీసుకుంటామండీ? మీరు తెలుసుకుని రండి, మేం చూస్తాం."

నేను చెబితే ఆయన చూస్తారు, ఆయన చెబితే నేను ఫిర్యాదు చేస్తాను. ఈ ఏర్పాటులో లోపం ఆయనకు ఎంత వివరించినా కనిపించలేదు. కనిపించకపోవడం ఆయన ఉద్యోగంలో ఒక భాగమని తర్వాత అర్థమైంది.

ఆదివారం ఏలూరు వెళ్లి, మా వీధి కక్ష కట్టిన ఆ సిమ్ము కంపెనీ దుకాణంలో అడిగాను. మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు జాలిగా నవ్వాడు.

"టవర్లు మావి కావు మేడమ్. వాటి మీద మేం అద్దెకుంటాం, అంతే. మేమూ ఉంటాం, పక్క కంపెనీ వాళ్లూ ఉంటారు."

"అంటే అలిగి పక్క కంపెనీకి మారినా అదే టవరా?"

"అదే టవరు మేడమ్. మారారా మీరు?"

నేను మారలేదు, మా వీధి మారింది. ఆ కుర్రాడి దగ్గరే టవరు కంపెనీ నంబరు తీసుకుని ఫోను చేశాను. అవతలి అమ్మాయి స్వరం వెన్నపూస. సైటు నంబరు చెప్పమంది. ఎక్కడ ఉంటుందని అడిగాను. టవరుకు తగిలించిన బోర్డు మీద ఉంటుందంది. టవరు ఇంకా లేవలేదు, గుంత మాత్రమే ఉందన్నాను. అయితే టవరు పూర్తయ్యాక ఫోను చేయమని, ఆ రోజు నాకు శుభం జరగాలని కోరుకుని పెట్టేసింది. గోడ కూల్చే హక్కు వాళ్లకు గుంతతోనే వచ్చేసింది. అడిగే హక్కు మాత్రం నాకు బోర్డు తగిలించాక వస్తుందట.

ఇక మిగిలింది యంత్రం. ఆ పొక్లెయిను చెయ్యి మీద తెల్లరంగుతో రాసి ఉన్న ఫోను నంబరు తవ్వకం రోజే అత్త మేడ మీద నుంచి చూసి రాసుకుని ఉంది. దానికి చేస్తే ఒక మగగొంతు, "మండవల్లి దగ్గర గట్టు మీదున్నానండీ, ఇక్కడ సిగ్నలు తెగిపోద్దండీ, మీరే రండి" అని నిజంగానే తెగిపోయింది.

వెళ్లాను. కొల్లేటి అంచున దారికి అటూ ఇటూ చేపల చెరువులే. నీళ్లలో గాలి కలిపే చక్రాలు తిరుగుతున్నాయి, గట్ల మీద మేత బస్తాలు పేర్చి ఉన్నాయి. యజమాని యంత్రం నీడన కూర్చుని క్యారేజీ విప్పుకున్నాడు. భోజనం చేయమన్నాడు. చేశాననే దాకా ఊరుకోలేదు.

"గూడెంలో ఆ గుంత ఎవరు తవ్వించారండీ?"

"ఫోనొచ్చిందండీ. వెళ్లి తవ్వానండీ."

"ఎవరి నుంచి?"

ఎడమచేత్తో ఫోను తీసి చూపించాడు. ఆ నంబరును "టవరు గారు" అని దాచుకున్నాడు. నంబరుకు చేస్తే స్విచ్చాఫు.

"గోడకి అంత దగ్గరగా, అంత వెడల్పున తవ్వారేంటండీ? అదేమైనా రొయ్యల చెరువా?"

"చెరువులు తవ్విన చెయ్యండీ మాది. దానికి చిన్న గుంత తవ్వడం రాదండీ" అన్నాడు, యంత్రాన్ని ముద్దు చేస్తున్నట్టు చూస్తూ.

"పక్కింటి గోడ ఏమవుద్దోనని అనిపించలేదా?"

"ఎందుకనిపిస్తదండీ? కొబ్బరికాయ కొట్టించాకే కదా బకెట్ దింపాను! చీకట్లోనే పంతులుగారొచ్చి పూజ మొత్తం చేయించారు, నేను మిషను దిగలేదు. పూజ లేకుండా మా మిషను మన్ను ముట్టదండీ. మాకు అదొక పట్టింపు."

గోడ పక్కన ఎంత ఎడం వదలాలో పట్టింపు లేదు, కొబ్బరికాయ దగ్గర ఉంది. ఆ మాట అనబోయి ఆగిపోయాను, ఆయన చెప్పిన దాంట్లోనే నాకు కావలసింది ఉందని తట్టింది.

ఆలోచించండి. మనవాళ్లు మనుషుల దగ్గర ఎన్ని ముసుగులైనా వేస్తారు. స్థలం ఒకరి పేరున, పని ఇంకొకరి పేరున, ఫోను ఎవరి పేరునో ఉంటుంది. పూజ దగ్గర మాత్రం అది సాగదు. సంకల్పం చెప్పేటప్పుడు పురోహితుడు కర్త గోత్రమూ పేరూ పైకి చదవాలి. చదవకపోతే ఫలం పక్కవాడికి పోతుందని భయం. వీధి మొత్తానికి తెలియకుండా గుంత తవ్వించిన మనిషి, అదే గుంత ముందు పీట మీద కూర్చుని, తన పేరు తానే గట్టిగా చెప్పించుకుని ఉండాలి. ఇంతటి తెలివితక్కువ రహస్యం గోదావరి జిల్లాల్లో తప్ప ఎక్కడా ఉండదు.

మా పేటకంతటికీ పురోహితుడు ఒక్కరే. మర్నాడు ఆయన చెవిలో బ్లూటూత్ పెట్టుకుని బండి తుడుచుకుంటుంటే వెళ్లి నమస్కరించాను. కబుర్లంటే ప్రాణం ఆయనకు.

"పంతులుగారూ, మా వీధి టవరుకి శంకుస్థాపన మీరేనటగా. కంపెనీకి గోత్రం ఏం చెప్పారండీ?"

ఆయన గుడ్డ పక్కన పెట్టి పగలబడి నవ్వారు.

"అడిగావు చూడు, అదే వచ్చింది తంటా! సూపర్వైజరని ఎవరో కుర్రాడు. కంపెనీ పేరు చెప్పండి చాలు అంటాడు. గోత్రం లేకుండా ఎలాగయ్యా అన్నాను. తెలీనివాళ్లకి కాశ్యప చెప్పేస్తాం కదా, అదే చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో పక్కనే నించున్న మీ సంఘం పెద్దాయన, ఆగండాగండి, స్థలం నాది, పని నాది, ఫలం వాళ్లకా అన్నాడు. ఇంటికి ఫోను చేసి వాళ్లావిడ్ని కూడా పిలిపించాడు. ఇద్దర్నీ పీటల మీద కూర్చోబెట్టి, ధర్మపత్నీ సమేతస్య అని నిండుగా చెప్పాను. ఏమాటకామాటే, దక్షిణ దగ్గర మాత్రం కంపెనీ ఇస్తుందన్నాడు."

చెబుతూ చెబుతూ నా ముఖం చూసి ఆగారు.

"ఇది చెప్పకూడనిదా ఏంటమ్మా?"

"లేదండీ. చెప్పాల్సిందే చెప్పారు."

ఖాళీ స్థలం ఆయన ఎప్పుడో కొన్నారు. వీధికి చెప్పలేదు. టవరుకు అద్దెకిచ్చారు. పునాది పని తానే కాంట్రాక్టు తీసుకుని, కలిసొస్తుందని చెరువులు తవ్వే యంత్రాన్ని పిలిపించారు. ఆ తర్వాత వీధి కోపం తన మీదికి రాకుండా దానికి ఒక కంపెనీని చూపించి, టీలు ఇప్పించి, ఉద్యమానికి తానే ముందు నడిచారు. ప్రతివాదే లేచి వాదికి ఉపన్యాసం రాసిపెట్టినట్టు.

అత్తకు చెప్పాను. ఆమె బెల్లం తరుగుతోంది, కత్తిపీట ఆపలేదు.

"సంఘం అన్నయ్యగారా? ఓరి నీ... మొన్న నా బీట చూసి అయ్యో పాపం అని వెళ్లాడే!"

ఆ సాయంత్రమే సంఘం సమావేశం. పెద్దాయన కంపెనీకి పంపబోయే అర్జీ చదువుతున్నారు. చదవడం పూర్తయ్యాక లేచాను.

"ఒక్క ప్రశ్నండీ. శంకుస్థాపన రోజు ఆ గుంత ముందు పీటల మీద కూర్చున్నది ఎవరండీ?"

పెద్దాయన ముఖం మారలేదని చెప్పాలి, ఆ విద్య ఆయనకు ఉంది.

"స్థలం మనదేనమ్మా. అయితే టవరు నాది కాదు కదా."

"గుంత మీదేనా అండీ?"

"పని నాది. గోడ మటుకు పాతదమ్మా, మీ తాతల నాటిది."

"గోడ పాతదేనండీ. గుంతే కొత్తది."

ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. అప్పుడు ఆయన చేతులు జోడించి, కుర్చీలన్నింటినీ ఒకసారి చూసి, మెత్తగా ఒక మాట అన్నారు.

"నేను దాచానంటున్నారు. మీలో ఎవరైనా నన్ను అడిగారా అండీ? అడిగితే చెప్పేవాణ్ణిగా!"

ఆయన చేసిన మోసం కంటే ఈ మాట నాకు ఎక్కువ మండింది, ఎందుకంటే అందులో సగం నిజం. మారిన సిమ్ములతో కూర్చున్న అంతమందిలో ఒక్కరు, ఒక్క పూట, నోరు తెరిచి ఆయన్ని అడిగింది లేదు. నేనూ టీ తాగి వచ్చినదాన్నే. ఆయన దాచలేదు. మా అందరి మొహమాటాన్నీ కంచెగా వేసుకుని దాని మధ్య హాయిగా గుంత తవ్వుకున్నారు.

మోసపోయామని తెలిసిన వీధికి కోపం రావాలి. వచ్చింది. నా మీద.

"అడగాల్సిందే అడిగావనుకో అమ్మా" అన్నారు లెక్కల మాస్టారు బయటికొస్తూ. "కాని అలా పదిమందిలోనా? పెద్దమనిషిని? లోపలికెళ్లి మెల్లగా అడిగితే పోయేదిగా."

"మెల్లగా అడిగితే మెల్లగానే పోయేదండీ, గోడతో సహా."

ఆయన మోకాలు పట్టుకుని వెళ్లిపోయారు.

అయితే పేరు ఒకసారి పైకి వచ్చాక దానికి ఒక బరువు ఉంటుంది. మర్నాడు పొద్దున్నే సరుగుడు బాదులతో మనుషులు వచ్చారు. గోడకు ఊతాలు పెట్టారు, గుంతలో నీరు తోడి ఇటువైపు ఇసుక బస్తాలు దట్టించారు. వాయుగుండం వచ్చి వీధిని ముంచి వెళ్లింది. గోడ నిలిచింది. వాన వెలిశాక దాన్ని పూర్తిగా విప్పి, పునాది నుంచి కొత్తగా కట్టించారు పెద్దాయన. నిలబడి, గొడుగు వేసుకుని, మేస్త్రీకి సలహాలిస్తూ కట్టించారు. దారిన పోయేవారికి, "ఒంటరి ఆడమనిషి కదండీ, మనం కాకపోతే ఎవరు చూస్తారు?" అని చెప్పుకున్నారు.

వీధి నమ్మింది! పునాది ఎందుకు జారిందో తమ చెవులతో విన్నవాళ్లే నమ్మారు. సంఘం తరఫున సన్మానం పెట్టారు. టవరు లేచిన స్థలం ఎదుటే షామియానా. సిగ్నలు బాగుందని అందరూ మేడ దిగి, కింద నుంచే ఫోటోలు పంపుకున్నారు. దాతృత్వం మీద మాస్టారు మాట్లాడారు. శాలువా కప్పడానికి అత్తను పిలిచారు.

నేను వెళ్లొద్దన్నాను. ఇది సత్యానికి జరిగే అవమానమనీ, ఆమె వెళితే ఆ అబద్ధానికి ఆమే సాక్షి అవుతుందనీ చెప్పాను. వాదన బాగానే కుదిరింది. అత్త కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"నువ్వన్నదంతా నిజమేనే. పొయ్యి మీద పాకం ఉంది, వాన మళ్లీ వస్తానంటోంది, నాకు గోడుంది. శాలువా కప్పితే నాకేం పోద్ది? వాళ్లదే శాలువా, వాళ్లదే భుజం."

వెళ్లి కప్పి వచ్చింది. వచ్చి పాకం తీగ చూసుకుంది. ఆమెను నేను తప్పుపట్టను, ఆమె గోడ అడిగింది, గోడ వచ్చింది. తప్పుపట్టేది చప్పట్లను. తన నష్టపరిహారాన్ని దానంగా అందుకుని, దాతకు దండ వేసే ఈ అలవాటును. ఎందుకంటే పక్క వీధిలో కూడా ఒక ఖాళీ స్థలం ఉంది. ఆదివారం నాడు అక్కడ ఎవరో సున్నంతో గీతలు గీసి వెళ్లారు. దాని అంచునా ఒక ఇల్లుంది, ఆ ఇంటికీ గోడలున్నాయి.

కాబట్టి చదువుతున్న మిమ్మల్ని కోరుతున్నాను. మీ వీధిలో సున్నం గీత పడగానే చెప్పులు వేసుకుని అక్కడికి నడవండి. తరంగాల సంగతి తర్వాత చూసుకోవచ్చు. స్థలం ఎవరిదో, తవ్వించేది ఎవరో, పక్క గోడకు పూచీ ఎవరో పదిమందీ వినేటట్టు అడగండి. ఆ సమాధానం పెద్ద అక్షరాలతో బోర్డుగా రాయించి, గుంత పడకముందే అక్కడ పాతించండి. ఎవరైనా మొహమాటపడి మీ చెయ్యి పట్టి లాగితే, విడిపించుకుని మళ్లీ అడగండి.